కట్టించిన వారు, కట్టిన వారు: నంద్యాల సీమ చర్చి గోడల ప్రశ్న

తెలుగు వ్యాకరణంలో ప్రేరణార్థకం అని ఒకటుంది. కట్టు ధాతువుకు ‘ఇంచు’ చేరిస్తే కట్టించు అవుతుంది. తొమ్మిదో తరగతి పిల్లవాడికి కూడా ఇది తెలుసు. కాని ఈ చిన్న ప్రత్యయం మన చరిత్ర రచనలో ఎంత పెద్ద పని చేసిందో మనం సాధారణంగా గమనించం. గుడి ఫలానా రాజు కట్టించాడు, చెరువు ఫలానా రెడ్డి తవ్వించాడు, చర్చి ఫలానా దొర కట్టించాడు. శాసనాలు, శిలాఫలకాలు, స్థలచరిత్రలు అన్నీ ఈ ‘ఇంచు’ మీదనే నడుస్తాయి. కట్టినవాడికి వాక్యంలో కర్త స్థానం లేదు. వాడు తృతీయా విభక్తిలో, ‘చేత’ అనే ప్రత్యయం చాటున నిలబడతాడు. చాలాసార్లు ఆ ‘చేత’ కూడా లోపిస్తుంది.

తాజమహలుకు రాళ్ళెత్తిన కూలీలను గురించి శ్రీశ్రీ అడిగిన ప్రశ్న మన సభల్లో వినిపించని సంవత్సరం లేదు. మంచిదే. అయితే ఆ ప్రశ్నను ఆగ్రా దాకా పంపి ఊరుకున్నాం గాని, మన ఊరి చివర మాలపల్లెలో ఉన్న చర్చి గోడ దగ్గర నిలబడి ఎప్పుడైనా అడిగామా? రాజుల కోటల మీద మనకు వ్యాసాలున్నాయి. అహోబిలం మీద, మహానంది మీద, యాగంటి మీద పుస్తకాలున్నాయి. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలో నూరేళ్ళకు పైబడి నిలిచిన క్రైస్తవ ప్రార్థనాలయాల మీద, వాటిని మోసిన మనుషుల మీద సాహిత్య పత్రికల్లో వచ్చింది చాలా స్వల్పం. మత విషయమని అభ్యుదయవాదులు పక్కన పెట్టారు. ‘విదేశీ’ విషయమని తక్కినవారు పక్కన పెట్టారు. ఈ రెండు పక్కల మధ్య ఒక శ్రామిక వర్గపు వాస్తు చరిత్ర సిమెంటు కింద కప్పబడిపోతున్నది. నేను చెప్పదలచింది ఇదే.

ముందు సీమ సంగతి చూద్దాం. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది పారే నల్లరేగడి మైదానం. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో పదవినుంచి దించి ఈస్టిండియా కంపెనీ ఆ సంస్థానాన్ని కలుపుకొన్నది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరిలో ఆయనను అక్కడే ఉరి తీశారు. ఆ తర్వాత పదేళ్ళు తిరగకముందే, ఆ తిరుగుబాటు నడిచిన నేలకు దాపునే, నేటి చాగలమర్రి మండలంలోని ముత్యాలపాడులో లండన్‌కు చెందిన సువార్త వ్యాపక సంఘం, మనవాళ్ళు ఎస్.పి.జి. మిషను అని పిలిచే 1701 నాటి ఆంగ్లికన్ సంస్థ, తన స్థావరం పెట్టింది. జాన్ క్లే అనే గురువు అక్కడ పనిచేశాడు. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడడం మన చరిత్ర పాఠాలకు అలవాటు లేదు. పాలెగాడి ఆధిపత్యం కూలిపోయిన చోట, రైత్వారీ పన్ను గట్టిపడుతున్న చోట, పొలం లేని మాల మాదిగ కుటుంబాలకు కొత్తగా ఒక ఆశ్రయం కనిపించింది. అది ఎవరి సామ్రాజ్యపు నీడలో వచ్చిందన్నది ఒక ప్రశ్న. దాన్ని వీళ్ళు ఎందుకు అందుకున్నారన్నది మరో ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు తెలుసు గనుక రెండోది అడగనక్కరలేదనుకోవడం మన విమర్శలోని బద్ధకం.

రెండో ప్రశ్నకు జవాబు 1876 - 78 నాటి కరువులో దొరుకుతుంది. మా పక్క దాన్ని ధాత కరువు అంటారు. మద్రాసు రాజధానిలో అతి దారుణంగా దెబ్బ తిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య ఈ జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. రిచర్డ్ టెంపుల్ అనే ప్రభుత్వ ప్రతినిధి 1877లో వచ్చి, కరువు పనుల్లో కూలీకిచ్చే తిండిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, అంటే అరకిలో కంటె తక్కువకు, కుదించాడు. ఆ తిండితో మట్టి తవ్వాలి, రాళ్ళు కొట్టాలి. అదే కాలంలో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని వేలమంది మాదిగలకు పని చూపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే అక్కడ 2,222 మంది బాప్తిస్మం పొందారు. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ నవల చదివినవారికి ఆ కాలువ తవ్వకం వెనకనున్న ఆకలి ఏమిటో చెప్పనక్కరలేదు. మా నంద్యాల సీమలో మిషను పని విస్తరించింది కూడా ఆ కరువు దశాబ్దంలోనూ, ఆ తర్వాతనూ. 1880లలో నంద్యాలలో ఉపదేశులను తయారుచేసే శిక్షణ కళాశాల వెలిసింది. తర్వాత పాఠశాలలు, ఆసుపత్రి వచ్చాయి.

‘గంజి కోసం మతం మారారు’ అని అగ్రవర్ణాల పెద్దమనుషులు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. గంజి పోసే చేయి తమది కానందుకు వారికి సిగ్గు లేదు. గంజి తాగినవాడికే సిగ్గుండాలట.

ఇక్కడ పాఠకులు ఒక సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవాలి. టెంపుల్ కర్నూలు కూలీల తిండి తూచిన 1877లోనే, మార్చి నెలలో, లండన్‌లో విలియం మోరిస్ అనే కవి ప్రాచీన కట్టడాల సంరక్షణ సంఘాన్ని స్థాపించాడు. తర్వాతి కాలంలో ఇంగ్లండులో సోషలిస్టు ఉద్యమానికి ముఖ్యుల్లో ఒకడైన మోరిసే ఆయన. ట్యూక్స్‌బరీ అనే ఊరి పాత చర్చిని గిల్బర్ట్ స్కాట్ అనే వాస్తుశిల్పి ‘పునరుద్ధరించ’బోతున్నాడని విని ఆయన పత్రికకు ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో పునరుద్ధరణ పేరిట చర్చి గోడల మీది పాత పూతలు గీకేసి, తర్వాతి తరాలు చేర్చినవన్నీ పీకేసి, ఏదో ఒక ‘అసలు’ శతాబ్దం రూపానికి తెచ్చే పిచ్చి ఇంగ్లండంతటా ఉండేది. ఆ గీకుడును మోరిస్ వ్యతిరేకించాడు. ఆయన వాదాన్ని నా మాటల్లో చెబితే, గోడ అనేది ఒక్క కర్త రచన కాదు. ప్రతి తరం మేస్త్రీ తన చేతి గుర్తు దాని మీద వదిలి వెళతాడు. దాన్ని చెరిపి కొత్తగా తయారుచేసేది నకలే గాని పాతది కాదు. అందువల్ల గీకవద్దు, పడిపోకుండా నిలబెట్టండి, కారుతున్న కప్పును ఎప్పటికప్పుడు బాగుచేసుకోండి అన్నది ఆయన పద్ధతి. సంరక్షణ అంటే రాజవంశాల గొప్పలు కాపాడడం అనుకునే మన అభ్యుదయ మిత్రులు ఈ ఉద్యమం పుట్టింది ఒక సోషలిస్టు చేతుల్లో, ఊరి చర్చి విషయంలో అని గమనించాలి. ఆ ఏడాది కర్నూలులో ఆకలికి చచ్చినవాళ్ళ గురించి ఆ సంఘం సమావేశాల్లో ఎవరూ మాట్లాడి ఉండరన్నది కూడా నిజమే. సామ్రాజ్యం కేంద్రంలో గోడను గురించిన కరుణ, అంచున మనిషి పట్ల తూనికరాయి.

ఇప్పుడు గోడల దగ్గరికి వద్దాం. ఆంగ్లికన్ చర్చి నమూనా ఇంగ్లండు నుంచి కాగితం మీద వచ్చింది. పడమటి గుమ్మం, గుమ్మం దగ్గర బాప్తిస్మపు తొట్టి, పొడవాటి సభామంటపం, తూర్పు చివర మెట్టెక్కి బలిపీఠం, కోసు తేలిన కమాను కిటికీలు, గంట. ఈ నమూనాను నిలబెట్టిన సరుకు మాత్రం కాగితం మీద రాలేదు. అది బేతంచెర్ల, కోయిలకుంట్ల పక్కల నాపరాయి, ఊరి బట్టీలో కాల్చిన సున్నపురాయి, నల్లమల కర్ర. సున్నాన్ని ఇసుకతో కలిపి గుండ్రటి రాతికాలువలో పోసి, ఎద్దు తిప్పే రాతిచక్రం కింద నూరేవారు. అదే గానుగ సున్నం. నూరేకొద్దీ జిగి. దానిలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలపడం మేస్త్రీల రహస్యం. రాయి కొట్టింది ఎక్కువగా వడ్డెరలు. మట్టి తవ్వింది, సున్నం మోసింది, నీళ్ళు పోసింది సంఘంలోని మాల మాదిగ ఆడవాళ్ళు, మగవాళ్ళు.

పల్లెల్లో ఇంత వైభవం కూడా లేదు. మట్టిగోడ, బోదకప్పు, కొంచెం కలిగినచోట దూలాలు, దంతెలు, వాటి మీద నాపబండలు, ఆ పైన వాన దిగకుండా చవుడు. అంటే రాయలసీమ మిద్దె ఇల్లే. దానికి తూర్పు గోడలో ఒక సిలువ గూడు పెడితే గుడి. వారంలో ఆరు రోజులు అదే బడి. పలక మీద అక్షరం దిద్దించే ఉపదేశే ఆదివారం ప్రార్థన చదివేవాడు. ఊరి బడిలోకి రానివ్వని పిల్లలకు ‘అ ఆ’లు మొదట వినిపించింది ఈ నాపరాతి కప్పు కింద. ఈ ఒక్క కారణం చాలు, తెలుగు అక్షరాస్యత చరిత్ర రాసేవాడు ఈ కట్టడాలను చూడాలని చెప్పడానికి.

ఈ నేల మీద కట్టడం సులభం కాదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు చీలుతుంది. ఏటా రెండుసార్లు పునాదిని కదిలించి చూస్తుంది. గట్టి సిమెంటు గోడ ఆ కదలికకు నిలువునా పగులుతుంది. సున్నపు గోడ మెత్తనిది గనుక సన్నని బీటలుగా పంచుకొని సర్దుకుంటుంది. ఆ సన్నబీటల్లోకి వాననీరు దిగినప్పుడు సున్నం కొంత కరిగి మళ్ళీ గట్టిపడి వాటిని తనే పూడుస్తుంది. ఇది నా కవిత్వం కాదు, పాత మేస్త్రీల అనుభవం. సున్నం మీద పరిశోధన చేసినవాళ్ళూ ఇదే చెబుతున్నారు.

మన తెలుగుదేశంలో పెద్ద చర్చిలు రెండింటి పేర్లు అందరికీ తెలుసు. మెదక్ కెథడ్రల్‌ను 1914 - 1924 మధ్య మెథడిస్టు మిషనరీ పాస్నెట్ కట్టించాడు. కరువులో జనానికి పని చూపడానికి మొదలుపెట్టిన కట్టడమది. 175 అడుగుల గోపురం, రంగుటద్దాల కిటికీలు. అది ఇంగ్లండును తెచ్చి మెదక్ పొలాల్లో నిలబెట్టిన గోథిక్. రెండోది డోర్నకల్. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషపు అజరయ్య, 1912లో అభిషిక్తుడై, పాతికేళ్ళు ఓపికపట్టి కట్టించి 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దేవాలయం. మసీదు గుమ్మటాలు, గుడి మంటపం స్తంభాలు, లోపల సిలువ. అజరయ్య చూపు వేరు. క్రైస్తవానికి ఈ దేశపు ఇల్లు కావాలని ఆయన పట్టుబట్టాడు. 1920ల మొదట్లో మా నంద్యాల ఆంగ్లికన్ సంఘాలు కూడా ఆయన అధ్యక్ష మండలంలోకి వెళ్ళాయి. అయితే 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల వైపు పెద్ద వర్గం అందులో చేరకుండా ఆంగ్లికన్‌గానే ఉండిపోయింది. చివరకు 1975లో చేరింది. ఈ ఇరవై ఎనిమిదేళ్ళ ఎడబాటును వేదాంత వివాదంగానే చర్చి చరిత్రకారులు రాస్తారు. నాకు మాత్రం అందులో ఒక సామాజిక పట్టుదల కూడా కనిపిస్తుంది. ‘మా పెద్దలు మోసిన గుడి, మా పెద్దలు నేర్చిన ప్రార్థన’ అనేది లోకంలో వేరే ఆస్తి ఏదీ లేనివాడు అంత తేలిగ్గా వదులుకునే మాట కాదు.

డోర్నకల్, మెదక్‌ల ఫోటోలు క్యాలెండర్లకు ఎక్కుతాయి. వాటి గురించి ఇంతకంటె రాయను. మన ప్రశ్న పల్లె గుడిది.

ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఒక పల్లె ఉంది. పేరు అనవసరం. అక్కడి పాత గుడిని కొన్నేళ్ళ కింద సంఘంవారు ‘అభివృద్ధి’ చేశారు. సున్నపు పూత మొత్తం గీకి సిమెంటు పూశారు. నాపబండల నేల మీద మెరిసే టైల్సు పరిచారు. కోసు కమాను కిటికీల్లో చదరపు అల్యూమినియం చట్రాలు ఇరికించి, పైన మిగిలిన కోసును ఇటుకతో మూసేశారు. రెండు వానాకాలాలు గడిచాక నేను చూశాను. గోడ మోకాలెత్తు దాకా చెమ్మ, సిమెంటు పూత వెనక ఉప్పు పొంగి పెచ్చులు. కారణం మాయ కాదు. నేలనుంచి గోడలోకెక్కే తేమ పాత సున్నం గుండా బయటికి ఆవిరై పోయేది. సిమెంటు ఆ దారి మూసింది. టైల్సు నేలను కూడా మూసేసరికి మొత్తం తేమ గోడకే ఎక్కింది. లోపల రాతిని పట్టుకున్న సున్నం పొడిపొడిగా రాలడం మొదలయింది.

ఈ మాట నేను ఆ సంఘ పెద్దతో అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఏం సారూ, మీ ఇండ్లకేమో టైల్సు కావాల. మా దేవుని ఇంటికి మాత్రం సున్నమే ఉండాల్నా? మేము ఎప్పటికీ పాతగానే కనపడాల్నా?” అన్నాడు.

ఈ ప్రశ్నకు జవాబు లేకుండా సంరక్షణ గురించి మాట్లాడేవాడి మాట వినవలసిన పని ఎవరికీ లేదు. మట్టి, బోద, సున్నం - ఇవి ఆయనకు వారసత్వం కాదు, లేమి గుర్తులు. సిమెంటు ఆయన కొడుకు హైదరాబాదులోనో గల్ఫులోనో కష్టపడి పంపిన డబ్బుకు రుజువు. అందమైన పేదరికాన్ని చూసి మురిసే హక్కు మనకెవరిచ్చారు? కాబట్టి నేను ఆయనతో అందం గురించి మాట్లాడలేదు. గోడ లోపలి సున్నం ఎన్నేళ్ళు ఆగుతుందో, మళ్ళీ పెచ్చులూడితే ఎవరి డబ్బు పోతుందో చెప్పాను. “అట్లయితే సున్నం నూరేవాణ్ణి చూపీ సారూ” అన్నాడు. అది రెండో జవాబులేని ప్రశ్న. ఆళ్ళగడ్డలో శిల్పులకు కొదవ లేదు. ఆ ఊరి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. దేవతావిగ్రహాలు, నాయకుల విగ్రహాలు అక్కడినుంచి దూరప్రాంతాలకు వెళుతున్నాయి. కాని గానుగ ఆడించి సున్నం నూరే చేయి ఒకటి వెతకాలంటే నాలుగు మండలాలు తిరగవలసి వచ్చింది. శిల్పికి పేరు మిగిలింది, సున్నపు మేస్త్రీకి పని కూడా మిగలలేదు.

‘ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటిస్తే సరిపోతుంది కదా’ అని పట్టణంలోని మిత్రులు అంటారు. ఆ మందును కూడా పరీక్షించాలి. 1958 నాటి కేంద్ర చట్టం కనీసం నూరేళ్ళు నిండిన కట్టడాన్ని ప్రాచీన స్మారకం అంటుంది. మన రాష్ట్రానికి 1960 నాటి వేరే చట్టం ఉంది. ఈ రక్షణ ఎవరికి దక్కిందో చూడండి. మచిలీపట్నంలో డచ్చి వర్తకుల సమాధులకు దక్కింది. బట్టల బేరానికి వచ్చి చచ్చిన తెల్లవాళ్ళ రాళ్ళ మీద లిపి అందంగా చెక్కి ఉంది నిజమే. మాలపల్లె గుడి మీద లిపి లేదు. లిపి లేనివాడి చరిత్రను చట్టం చదవలేదు.

ఇక రక్షణ దక్కితే ఏమవుతుంది? 2010 సవరణ ప్రకారం కేంద్రం రక్షించే కట్టడం చుట్టూ నూరు మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని అవతల మరో రెండువందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడానికి అనుమతి లేదు. ఉన్న ఇంటి మరమ్మతుకు కూడా ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. కోట చుట్టూ నూరు మీటర్లంటే కందకం, ముళ్ళకంప. పల్లె గుడి చుట్టూ నూరు మీటర్లంటే మొత్తం పల్లె. రెండు సెంట్లలో ఉన్న ఒంటిగది ఇంటికి కొడుకు పెళ్ళయితే ఇంకో గది వేసుకోవాలి. మరుగుదొడ్డి కట్టుకోవాలి. ఏ మనుషుల తాతలు ఆ గోడ కట్టారో ఆ మనుషులనే గోడ పేరు చెప్పి గది కట్టుకోకుండా ఆపే రక్షణ ఇది. అగ్రహారపు వీధుల్లో, అడంగల్ నిండా భూములున్నవారి పెరళ్ళలో ఈ నిబంధన చికాకు మాత్రమే. పల్లెలో అది శిక్ష.

పైగా రక్షితమైనంత మాత్రాన గోడ బాగుపడుతుందన్న హామీ లేదు. గోవాలోని బామ్ జీసస్ బాసిలికా 1605లో పూర్తయింది. 1986నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. 1950లలో పోర్చుగీసు హయాములో, రాయి పాతగా కనిపించాలన్న మోజుతో, దాని బయటి సున్నపు పూతను ఊడదీశారు. అప్పటినుంచి చిల్లుల చిల్లుల లాటరైట్ రాయి ఏటా వానకు తడిసి తరిగిపోతున్నది. 2020లో ఆ చర్చి గురువే పురావస్తు శాఖ నిర్లక్ష్యం మీద బాహాటంగా మొరపెట్టుకోవలసి వచ్చింది. అక్కడ పూత తీసేసి చెరిచారు, మా పల్లెలో తప్పుడు పూత పూసి చెరిచారు. సున్నాన్ని ‘మురికి’గా చూసిన చూపు రెండుచోట్లా ఒకటే.

ఇంగ్లండులో ఊరి చర్చిలకు వేరే ఏర్పాటు ఉంది. 1913నుంచి వాడుకలో ఉన్న చర్చిలను ప్రభుత్వ స్మారక చట్టం నుంచి మినహాయించారు. కాని ఆ మినహాయింపుకు మారుగా చర్చి తన సొంత అనుమతి పద్ధతి నడపాలి. కిటికీ మార్చాలన్నా, బల్లలు తీయాలన్నా అధ్యక్ష మండల న్యాయాధికారి అనుమతి కావాలి. ఆయనకు వాస్తు తెలిసినవారి సలహా సంఘం ఉంటుంది. మన దగ్గర దీన్ని యథాతథంగా దింపుకోమనను. బిషపు కార్యాలయాల చుట్టూ నడిచే ఎన్నికలు, ఆస్తి తగాదాలు, వర్గాలు తెలిసినవాడు అంత అమాయకంగా ఉండలేడు. చర్చి లోపల కూడా కులం ఉంది. మాల, మాదిగ తేడా గుమ్మం దగ్గర చెప్పులతోపాటు వదిలి లోపలికి వెళ్ళినవారు తక్కువ. అయినా సూత్రం పనికివస్తుంది. గోడను గీకే ముందు ఎవరో ఒకరు దాన్ని కొలిచి, ఫోటో తీసి, కారణం రాసి, సంఘం ముందు చదివి వినిపించాలి. చుట్టుపక్కల ఇళ్ళ జోలికి పోకూడదు. గుడి నాలుగు గోడల వరకే నియమం.

గోడకంటె తొందరగా పోతున్నది ఇంకొకటి ఉంది. సాహిత్య విద్యార్థులు ముఖ్యంగా వినాలి. అది బాప్తిస్మపు రిజిస్టరు, వివాహ రిజిస్టరు. ఆంగ్లికన్ పద్ధతిలో బాప్తిస్మపు పుస్తకానికి గడులుంటాయి: తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి, ఎవరు బాప్తిస్మం ఇచ్చారు. నేను తిరగేసిన ఒక పాత పుస్తకంలో వృత్తి గడి నిండా కూలి, కూలి, కూలి. నడుమ ఎక్కడో ఒక వెట్టి, ఒక ఉపదేశి. పుల్లయ్య కొడుకు దానియేలు, నాగమ్మ కూతురు మార్త. రెండు తరాల మధ్య పేరు ఎట్లా తిరిగిందో ఒక్క వరుసలో కనిపిస్తుంది. పెళ్ళి పుస్తకంలో మొదటి పుటల్లో అన్నీ వేలిముద్రలు. తర్వాత వరుడి సంతకం, వధువు వేలిముద్ర. ఆ తర్వాత ఎన్నో పుటలకు గాని ఇద్దరి సంతకాలూ రావు. తెలుగు దళిత జీవితంలో అక్షరం అడుగుపెట్టిన తేదీని ఇంత కచ్చితంగా చెప్పే ఆధారం మరొకటి నాకు తెలియదు. గుర్రం జాషువ పుట్టిన 1895 ప్రాంతాల్లో ఇటువంటి కుటుంబాల పరిస్థితి ఏమిటో ఊహించి రాయనక్కరలేదు, చదవవచ్చు.

1972 నాటి పురావస్తువుల చట్టం డెబ్బయి అయిదేళ్ళు నిండిన, చారిత్రక సాహిత్య విలువగల రాతప్రతిని పురావస్తువుగానే చూస్తుంది. అంటే ఈ పుస్తకాల్లో పాతవి నిస్సందేహంగా ఆ కోవలోకి వస్తాయి. కాని వాటిని బయటపెట్టమని అడగడానికి నాకు నోరు రాదు. ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కాని దళితుణ్ణి షెడ్యూల్డు కులస్థుడుగా గుర్తించదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు సడలించలేదు. మన రాష్ట్రంలో వారిని వెనకబడిన తరగతుల్లో ‘సి’ వర్గంలో వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వారికి షెడ్యూల్డు కుల హోదా ఇవ్వాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఉత్తర్వు మారనంతకాలం ఈ రిజిస్టరు ఒక కుటుంబానికి చరిత్ర, పక్కింటి ప్రత్యర్థికి ఆయుధం. మనవడి కులపత్రం మీద ఫిర్యాదు పెట్టడానికి తాత బాప్తిస్మపు తేదీ సాక్ష్యంగా పనికివస్తుంది. అందువల్ల కొన్నిచోట్ల పెద్దలు ఈ పుస్తకాలను ఎవరికీ చూపరు. ఇంకొన్నిచోట్ల చెదలు తింటుంటే ఊరుకుంటారు. వారిని ‘చారిత్రక స్పృహ లేనివాళ్ళు’ అని నిందించే పండితులకు నేనొకటే చెబుతాను. వాళ్ళకు చరిత్ర స్పృహ మీకంటె ఎక్కువ ఉంది. చరిత్ర తమ మీదికి ఎట్లా వస్తుందో వాళ్ళకు తెలుసు.

ఇటువైపు పుస్తకాలు చెదలకు పోతుంటే అటువైపు మిషనరీలు లండన్‌కు పంపిన ఉత్తరాలు, నివేదికలు ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. పరిశోధకుడు విమానం ఎక్కితే ‘కట్టించిన’ వారి మాట దొరుకుతుంది. ‘కట్టిన’ వారి పేర్లు ముత్యాలపాడులోనో నంద్యాలలోనో చెక్కబీరువాలో ఉన్నాయి. ఏ ఆధారం మిగిలితే ఆ చరిత్రే మిగులుతుంది.

కనుక నాకు తోచిన పని చిన్నది. అధ్యక్ష మండలం, మన రచయితల సంఘం, నంద్యాల కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి, నూరేళ్ళు దాటిన గుళ్ళ జాబితా ఒకటి ముందు తయారుచేయాలి. ఊరు, కట్టిన సరుకు, కప్పు రకం, గోడ పరిస్థితి, అంతే. నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది గనుక జిల్లా స్థాయిలో ఇది కష్టం కాదు. ఒక సున్నపు గానుగను నంద్యాలలో ఎక్కడైనా మళ్ళీ ఆడించి, నలుగురు కుర్రవాళ్ళకు పాత మేస్త్రీ చేత కూలి ఇప్పించి నేర్పించాలి. గుళ్ళకే కాదు, మిద్దె ఇళ్ళకూ మసీదులకూ కోవెలలకూ ఆ పని పనికివస్తుంది. రిజిస్టర్లను ఫోటో తీయాలి, కాని ఆ ఫోటోలు సంఘం చేతిలోనే ఉండాలి. వందేళ్ళు నిండని పుటను కుటుంబం ఒప్పుకోకుండా ఎవరికీ చూపకూడదు. పేర్లు తీసేసి వృత్తి, ఊరు, సంతకమా వేలిముద్రా అన్న వివరాలు మాత్రం ఎత్తిరాసుకొన్నా ఒక ఎం.ఏ. విద్యార్థికి సిద్ధాంత వ్యాసానికి కావలసినంత సరుకు.

నేను చెప్పిన ఆ ఆళ్ళగడ్డ పక్క పల్లెలో కొత్త పని గుర్తుగా నల్లరాతి ఫలకం పెట్టారు. దాతల పేర్లు, ముఖ్య అతిథి పేరు, తేదీ ఉన్నాయి. చందా ఎక్కువిచ్చినవారు పైన, తక్కువిచ్చినవారు కింద. పని చేసిన మేస్త్రీ ఎవరని అడిగితే, ఆ పెద్దాయనే, “మా చిన్నోడి బామ్మర్ది, సారూ. ఇక్కడే ఉంటాడు, పిలిపిద్దునా?” అన్నాడు. పిలిపించాడు. ముప్పయ్యేళ్ళ కుర్రవాడు. కమాను పైకోసును ఇటుకతో మూసింది తనేనని, కమాను రాళ్ళను మాత్రం ఒక్కటి కూడా కదపలేదని, లోపల అట్లే ఉన్నాయని చెప్పాడు. ఎందుకు కదపలేదని అడిగాను. తీస్తే పైగోడ దిగుతుంది కదా అన్నాడు.

ఇటుక తీసేస్తే ఆ కమాను మళ్ళీ కనిపిస్తుంది. దానికి ఒక రోజు పని చాలునట.